ఉత్సవం వాళ్ళది, దినం మనది

ఈ నెల 22వ తేదీ జాతీయ మామిడి దినోత్సవం. కొన్నేళ్ళుగా మన దేశంలో జూలై 22ను అట్లా పిలుస్తున్నారు. ఆ రోజు పెద్ద పట్నాల్లో ప్రదర్శనలు పెడతారు. బల్లల మీద రకరకాల పండ్లు పేర్చి ఫొటోలు తీస్తారు. టీవీలో ఒకావిడ మామిడితో కొత్త పాయసం చేసి చూపిస్తుంది. పానీయాల కంపెనీలు పచ్చని తోట, నవ్వుతున్న రైతు, పసుపుపచ్చ సీసా ఉన్న బొమ్మ వేసి శుభాకాంక్షలు చెబుతాయి. ఆ బొమ్మలో రైతు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. అతన్ని ఏ ఊరి నుంచి పట్టుకొస్తారో గానీ, మా ఐరాల మండలంలో మాత్రం ఈ ఏడు ఎవరికీ కనిపించలేదు.

మా కాణిపాకం చుట్టుపక్కల ఆ తేదీ ఎట్లుంటుందో చెబుతాం. తోతాపురి కోతలు ఆఖరుకు వచ్చి ఉంటాయి. పండిన కాయ చెట్టు మీద ఆగదు, రాలిపోతుంది. కోసిన కాయ ట్రాక్టర్లో ఆగదు, అడుగునున్నది మెత్తబడి రసం కారుతుంది. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు రైతు మాత్రం ఆగాలి. ఒక రాత్రి, రెండు రాత్రులు, ఈ సీజన్లో మూడు నాలుగు రాత్రులు ఆగినవాళ్ళూ ఉన్నారు. చేతిలో టోకెను ఉంటుంది, ధర ఉండదు. తూకమయ్యాక ఇచ్చే చీటీలో బరువు రాస్తారు, రేటు రాయాల్సిన గడి ఖాళీగా వదిలేస్తారు. అడిగితే "రేటు తర్వాత వేస్తాం, పోన్నా" అంటారు. సరుకు దించి, ధర తెలియకుండా ఇంటికి పోయే వ్యాపారం ఇంకేదైనా ఉందా? చెప్పుల అంగట్లో చెప్పులు తొడుక్కుని "రేటు తర్వాత వేసుకుంటా" అని నడిచిపోతే ఊరుకుంటారా?

మన ఊళ్ళల్లో దినం అంటే ఏమిటో అందరికీ తెలుసు. పోయినవాళ్ళకు చేసేది దినం. దినోత్సవం అనే మాటలో ఉత్సవం వాళ్ళు తీసుకుని, దినం మనకు వదిలారు.

ఇట్లాంటివి ఏడాది పొడవునా ఉన్నాయి. ఫిబ్రవరి 10 పప్పుధాన్యాలకు. మే 21 టీకి. మే 30 బంగాళదుంపకు. జూన్ 1 పాలకు. సెప్టెంబరు 2 కొబ్బరికి. అక్టోబరు రెండో శుక్రవారం గుడ్డుకు, అదే నెల 16న మొత్తం ఆహారానికి. నవంబరు 26న మళ్ళీ పాలకు, ఇది మన దేశం వరకు. ఇవి గాక చాక్లెట్టుకు ఒకటి, ఐస్‌క్రీముకు ఒకటి, బిర్యానీకి ఒకటి. బిర్యానీ దినం 2022లో ఒక బాస్మతి బియ్యం కంపెనీ మొదలుపెట్టింది. తన సరుకు అమ్ముకోవడానికి అది ఒక రోజు కనిపెట్టుకుంది, అంతే. వ్యాపారస్తుడు వ్యాపారం చేసుకుంటే మాకు కోపం లేదు. ప్రభుత్వాలు కూడా అదే బాజా వాయిస్తూ, దాన్నే రైతు సంక్షేమం అని పిలుస్తుంటే మాత్రం అడగక తప్పదు.

అన్నిటినీ ఒకే గాటన కట్టం. అక్టోబరు 16 సంగతి వేరు. రెండో ప్రపంచ యుద్ధం అయిన వెంటనే, 1945లో, అదే తేదీన ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పుట్టింది. లోకంలో ఆకలి ఉందని గుర్తు చేయడానికి పెట్టుకున్న రోజు అది. దాన్ని తప్పు పట్టం.

ఐస్‌క్రీము దినం కథ మనకు ఇంకా పనికొస్తుంది. 1984లో అమెరికా అధ్యక్షుడు రీగన్ జూలైని ఐస్‌క్రీము నెల అనీ, ఆ నెల మూడో ఆదివారాన్ని ఐస్‌క్రీము రోజు అనీ ప్రకటించాడు. ఆ కాలాన అక్కడ ప్రభుత్వ గిడ్డంగుల్లో పాలపొడి, వెన్న, చీజ్ గుట్టలు పడి ఉన్నాయి. ఎందుకున్నాయి? పాల ధర పడిపోకుండా మద్దతు ధరకు ప్రభుత్వమే కొని పెట్టింది గనుక. అంటే పెట్టుబడిదారీ దేశమని పేరున్న అమెరికాలో కూడా ముందు కొనుగోలు జరిగింది, తర్వాత పండగ వచ్చింది. మన దగ్గర కొనుగోలు లేదు, నేరుగా పండగే.

మళ్ళీ మామిడికి వద్దాం. ఈ ఏడు లెక్క అందరూ అనుభవించిందే. అయినా ఒకసారి రాసిపెట్టుకుందాం, రేపు ఎవరూ కాదనకుండా. రాష్ట్ర ప్రభుత్వం తోతాపురి కిలోకు 12 రూపాయలు అన్నది. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 రూపాయలు ప్రభుత్వం రైతు ఖాతాలో వేయాలి. కాగితం మీద బాగుంది. గేటు దగ్గరికి పోతే 8 మాట ఎత్తినవాళ్ళు తక్కువ. ఆరన్నారు, ఐదన్నారు. లోపలికి టోకెను దొరకనివాళ్ళు బయట ర్యాంపుల్లో నాలుగుకు కూడా దించి పోయారు. కోత కూలీ, ట్రాక్టర్ బాడుగ తీసేస్తే మిగిలేదేమిటో తోట ఉన్న ప్రతి ఇంట్లో తెలుసు. కొందరు కోయకుండానే వదిలేశారు. నిరుడు కిలోకు ఇరవై దాటిన ధర చూసిన కళ్ళతోనే ఈ ఏడు చెట్టు కింద కుళ్ళిన కాయలు చూశాం.

ఫ్యాక్టరీవాళ్ళు చెప్పేది కూడా విందాం. నిరుటి గుజ్జు డ్రమ్ముల్లో అట్లే ఉంది, యుద్ధాల వల్ల ఎగుమతి తగ్గింది, ఓడల బాడుగలు పెరిగాయి అంటున్నారు. నిజం కొంత ఉండొచ్చు. గోడౌన్లో గుజ్జు మిగిలిపోయిందని వాళ్ళకు జూన్‌లో తెలిసిందా? ఫిబ్రవరిలో, మార్చిలో, చెట్టు మీద పూత పిందె ఉన్నప్పుడే తెలుసు. అప్పుడే అధికారుల్ని, రైతు సంఘాల్ని కూర్చోబెట్టి ఎవరు ఎన్ని టన్నులు కొంటారు, ఏ ధరకు కొంటారు అని రాసుకుని ఉండొచ్చు. కోతలు మొదలయ్యేదాకా నోరు విప్పలేదు. అప్పటికైతే కాయ మన చేతిలో ఆగదు, బేరం వాళ్ళ చేతిలో ఉంటుంది.

ఇప్పుడు సీసా లెక్క చూడండి. ఈ లెక్క మన పిల్లల చేత నోటుబుక్కులో వేయించండి, మంచి లెక్క. పండ్ల పానీయం అని పేరు పెట్టి అమ్మేదాంట్లో పండ్లరసం కనీసం పది శాతం ఉంటే చాలని ఆహార భద్రత నియమం. లీటరు సీసాలో అంటే సుమారు వంద గ్రాముల గుజ్జు. కాయ బరువులో దాదాపు సగం గుజ్జు వస్తుంది కాబట్టి దానికి 200 గ్రాముల కాయ కావాలి. కిలో ఐదు రూపాయల లెక్కన 200 గ్రాములకు ఒక్క రూపాయి. గుజ్జు ఇంకా ఎక్కువ వేసే కంపెనీలూ ఉన్నాయి, వాళ్ళకు అన్యాయం చేయొద్దు. రెట్టింపు వేస్తే రెండు రూపాయలు అనుకోండి. అంగట్లో ఆ సీసా అరవై డెబ్బై రూపాయలు. ప్రభుత్వం చెప్పిన పన్నెండు రూపాయలూ కంపెనీయే ఇచ్చినా, పది శాతం గుజ్జున్న సీసాలో మామిడి ఖర్చు రెండు రూపాయల నలభై పైసలు. దీనికి కంపెనీ మునిగిపోతుందా?

ఆ పది శాతాన్ని ఇరవై చేస్తే, కనీసంతో సరిపెడుతున్న ప్రతి సీసాకూ ఇప్పటికన్నా రెండింతల కాయ కావాలి. పైసా సబ్సిడీ అక్కరలేదు, ఒక నియమం మారిస్తే చాలు.  బడి పిల్లలకు, గుడి ప్రసాదానికి, ఆసుపత్రులకు మామిడి రసం ఇవ్వవచ్చు. 22వ తేదీ సభల్లో ఎవరైనా మంత్రి ఈ మాట ప్రకటిస్తే పూలదండ మేమే తెస్తాం.

ఇంకొక సంగతి దాచకుండా మాట్లాడుకోవాలి. జూన్ 7న మన జిల్లా కలెక్టరు పక్క రాష్ట్రాల తోతాపురి జిల్లాలోకి రాకూడదని ఉత్తర్వు ఇచ్చారు. 11న కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. మనలో చాలామంది ఆ ఉత్తర్వుకు సంతోషపడ్డారు. ఎందుకు సంతోషపడ్డారో మాకు అర్థమవుతుంది. ఆ నాలుగు రోజులు గేటు ముందు బారు కొంచెం తగ్గుతుందనే ఆశ. కానీ శ్రీనివాసపురం రైతు మన శత్రువు కాడు. అతను కూడా మనలాగే మందు కొట్టి, నీళ్ళు కట్టి, అప్పు చేసి పండించినవాడే. ఆ తర్వాత కర్ణాటక మామిడికి కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలు 1,616 రూపాయల ధర లెక్కగట్టి, రెండున్నర లక్షల టన్నుల దాకా తేడా ఇస్తామంది. సరిహద్దుకు అవతల కాయ పదహారు రూపాయలు, ఇవతల పన్నెండు, గేటు దగ్గర ఐదు. చెక్‌పోస్టు దగ్గర రైతు లారీని ఆపినంత సులభంగా ఫ్యాక్టరీ లోపల ధర దొంగతనాన్ని ఆపలేకపోయారు.

జూలై 9న మాజీ ముఖ్యమంత్రి బంగారుపాళ్యం వచ్చారు. రోడ్డు మీద మామిడికాయలు పోశారు. ఆ వారమంతా టీవీల్లో ఒకటే చర్చ: అవి రైతులు పోసిన కాయలా, ఎవరో తెచ్చి పోసిన కాయలా? ఒక పార్టీ అట్లా, ఒక పార్టీ ఇట్లా. రోడ్డు మీద కాయ ఎవరిదో తేల్చడానికి పెట్టిన శ్రద్ధలో సగం, ఆ కాయకు ధర ఎవరు ఎగ్గొట్టారో తేల్చడానికి పెట్టి ఉంటే మా వాళ్ళు కొంత గట్టెక్కేవాళ్ళు. అధికారంలో ఉన్నప్పుడు ఒకరికి గుర్తుండదు, లేనప్పుడు ఇంకొకరికి బాగా గుర్తొస్తుంది. మేం రెండు కాలాలూ చూశాం.

టమోటా సంగతి ఇంతకన్నా స్పష్టం. స్పెయిన్ దేశంలో బున్యోల్ అనే ఊళ్ళో ఆగస్టు ఆఖరి బుధవారం టమోటాలు ఒకరి మీద ఒకరు విసురుకునే పండగ ఉంది. 2013 నుంచి దానికి టికెట్ కూడా పెట్టారు. ఒక హిందీ సినిమాలో చూపించాక మన పట్నాల పిల్లలకు కూడా దాని మీద మోజు పుట్టింది. మన రాయలసీమలో టమోటా రోడ్డు మీద పారబోసే రైతుకు ఆ టికెట్ అక్కరలేదు. నారు, కట్టెలు, మందులు, కూలీ, పెట్టె బాడుగ, మండీ కమీషను, అదనంగా గుంజుకునే పెట్టెలు, అన్నీ కలిపి ముందే కట్టి ఉంటాడు.

2023 జూలై గుర్తుందా? మదనపల్లెలో మేలురకం టమోటా కిలో రెండు వందల దాకా పోయింది. మన జన్మలో చూడని ధర. వెంటనే ఢిల్లీ కదిలింది. కేంద్ర సంస్థలు మదనపల్లె లాంటి మార్కెట్లలో కొని, లారీల్లో తరలించి, ఢిల్లీలో కిలో 90కి, తర్వాత 80కి, 70కి అమ్మాయి. ఆగస్టులో నేపాల్ నుంచి కూడా తెప్పించారు. పట్నంలో కూరగాయలు కొనే కూలివాడికి, చిన్న జీతగాడికి చవగ్గా దొరకడం మాకు ఇష్టమే. మా పిల్లలే అక్కడ అద్దె ఇళ్ళల్లో ఉన్నారు. కానీ ఒకటి గమనించండి. ధర పెరిగినప్పుడు ప్రభుత్వానికి లారీలు దొరికాయి, డబ్బు దొరికింది, అధికారులు దొరికారు, పక్కదేశం కూడా దొరికింది. సెప్టెంబరులో అదే టమోటా కుప్పకూలినప్పుడు ఆ లారీలు ఎక్కడికి పోయాయి? తినేవాళ్ళ కోసం ఏమి చేయగలరో చేసి చూపించినవాళ్ళు, పండించేవాళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం "మార్కెట్‌లో మేం జోక్యం చేసుకోలేం" అంటారు.

చిరుధాన్యాలది ఇంకొక తమాషా. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల ఏడాదిగా జరిపింది. ఆ ప్రతిపాదన పెట్టింది మన దేశమే. బడ్జెట్లో "శ్రీ అన్న" అని పేరు పెట్టారు. ఢిల్లీలో విదేశీ నాయకులకు చిరుధాన్యాలతో విందు పెట్టారు. మన ఇళ్ళల్లో రాగి సంగటి తిని పెరిగినవాళ్ళం, దాన్ని "పేదోళ్ళ కూడు" అని ఈసడించిన రోజులు మరిచిపోలేదు. ఇప్పుడు హోటల్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు అంటే ప్లేటు ఎంతో అడగండి. రాగికి 2025-26లో మద్దతు ధర క్వింటాలు 4,886 రూపాయలు. ఆ ధరకు మన కుప్పం, పలమనేరు, పుంగనూరు పల్లెల్లో కళ్ళం దగ్గరికి వచ్చి కొనేవాడు ఉంటేనే అది ధర. లేకుంటే అది గోడ మీద రాత.

పప్పుధాన్యాల దినం 2019 నుంచి ఫిబ్రవరి 10న చేస్తున్నారు. ప్రపంచంలో పప్పులు ఎక్కువ పండించేదీ మనమే, తినేదీ మనమే, బయటి నుంచి కొనేదీ మనమే. 2023 డిసెంబరు నుంచి 2025 అక్టోబరు దాకా పసుపు బఠాణీని సుంకం లేకుండా దిగుమతి చేసుకున్నారు. 2025 మేలో ఆ గడువును 2026 మార్చి దాకా పొడిగించారు. కందుల దిగుమతికీ అప్పుడు సుంకం లేదు. కందికి మద్దతు ధర 8,000 అని అదే నెలలో ప్రకటించారు. ఒక చేత్తో ధర రాసి, ఇంకొక చేత్తో గేటు తెరిచిపెట్టారు. చెనిక్కాయలో సాలు వదిలి కంది వేసుకునే మన మెట్ట రైతు, కెనడా, రష్యా ఓడలతో పోటీ పడాలి. ఫిబ్రవరిలో ఆ రైతుకే "పప్పు తినండి, మాంసకృత్తులు వస్తాయి" అని కరపత్రం ఇస్తారు.

మరి ఏ దినోత్సవమూ రైతుకు పనికిరాదా? పనికొచ్చినవి ఉన్నాయి, ఎందుకు పనికొచ్చాయో చూడాలి. గుడ్డు దినం 1996లో మొదలైంది. అంతకు చాలా ముందే, 1982లో, మన దేశంలో కోళ్ళ రైతులు గుడ్ల ధర తామే చెప్పాలని ఒక సమన్వయ కమిటీ పెట్టుకున్నారు. దాన్ని నిలబెట్టింది మన తెలుగువాడైన బి.వి.రావు. "నా గుడ్డు, నా ధర, నా జీవితం" అన్నది వాళ్ళ నినాదం. అప్పటిదాకా వ్యాపారి చెప్పిందే రేటు. తర్వాత రోజూ పొద్దున పేపర్లో గుడ్డు ధర వేయించే స్థితికి వచ్చారు. ఆ కమిటీలో చిన్న రైతు మాట ఎంత చెల్లుతుంది, పెద్ద కంపెనీల మాట ఎంత చెల్లుతుంది అనే గొడవ వేరే ఉంది, దాన్ని ఇంకో నెల మాట్లాడుకుందాం. కానీ ధర చెప్పే కుర్చీలో ముందు కూర్చున్నారు, తర్వాత గుడ్డు దినం చేసుకున్నారు. అందుకే ఆ రోజు వాళ్ళ సరుకు అమ్ముడుపోతుంది.

పాల దినం కూడా అంతే. నవంబరు 26 కురియన్ పుట్టినరోజు. ఆయన గుజరాత్ పాడి రైతుల సహకార సంఘానికి పనిచేసి, పాలు పోసినవాళ్ళదే డెయిరీ అన్నది చేసి చూపించాడు. 2014 నుంచి ఆయన పేరున దినోత్సవం జరుగుతోంది. మరి మన చిత్తూరు సహకార డెయిరీ? 2002లో మూతపడింది. ఆ డెయిరీకి క్యాన్లు మోసిన చేతులు ఇప్పటికీ మన సంఘంలో ఉన్నాయి. 2023 జూలైలో దాన్ని మళ్ళీ తెరుస్తామని శంకుస్థాపన చేశారు. తర్వాత సర్కారు మారింది. చిత్తూరు, గాజులమండ్యం సహకార చక్కెర ఫ్యాక్టరీలదీ మూతల కథే. సహకార సంస్థ ఉన్నప్పుడు ప్రైవేటువాడు దాని ధర చూసి తన ధర చెప్పేవాడు. అది పోయాక వాడు చెప్పిందే ధర.

నాయకుల పుట్టినరోజుల సంగతి రెండు ముక్కల్లో. చరణ్‌సింగ్ పుట్టిన డిసెంబరు 23ను 2001 నుంచి దేశమంతా కిసాన్ దినంగా జరుపుతున్నారు. మన రాష్ట్రంలో 2019లో రాజశేఖరరెడ్డి జయంతి జూలై 8ని రైతు దినోత్సవం అన్నారు. సర్కారు మారాక ఆ సందడీ పోయింది. పార్టీ గెలిస్తే పుట్టి, ఓడితే పోయే రైతు దినం మనకెందుకు?

మనకు తిండి పండగలు లేకనా ఇవన్నీ? ఉగాదికి కొత్త చింతపండు, కొత్త బెల్లం, వేపపూత, మామిడికాయ. ఏరువాకకు ఎద్దులు, కాడి. సంక్రాంతికి కొత్త బియ్యం, కనుమకు పశువులు. పంట ఇంటికొచ్చే ముందే కళ్ళంలో కుమ్మరికి, కమ్మరికి, చాకలికి, మంగలికి మేర కొలిచి, తర్వాత పండగ చేసుకునేవాళ్ళు. లెక్క తేలాకే పండగ. పాత రోజులన్నీ బంగారమని మేం అనం. ఆ మేర ఎవరికి ఆఖరున అందేదో, ఎవరు కళ్ళానికి దూరంగా నిలబడేవాళ్ళో మా పెద్దలు చెప్పగా విన్నాం. అయినా ఇవ్వాల్సింది ఇవ్వకుండా పండగ చేయరాదన్న కట్టుబాటు ఉండేది. అది ఇప్పుడు ఫ్యాక్టరీలకూ లేదు, సర్కారుకూ లేదు.

మా ఊరి దేవుడి కథే చూడండి. స్థలపురాణం ప్రకారం ముగ్గురు అన్నదమ్ములు, ఒకరు మూగ, ఒకరు చెవుడు, ఒకరు గుడ్డి. కాణి భూమి సాగు చేసుకుంటూ, బావిలో నీళ్ళు అడుగంటితే లోతు తవ్వుతున్నారు. పార రాతికి తగిలి నెత్తురు వచ్చింది, వినాయకుడు బయటపడ్డాడు, ముగ్గురి వైకల్యమూ పోయింది. జనం వచ్చి కొట్టిన టెంకాయల నీళ్ళు ఎకరం పాతిక మేర పారాయట. అందుకే కాణిపాకం అయింది. నీళ్ళ కోసం బావి తవ్వుకుంటున్న రైతులకు దొరికిన దేవుడు ఆయన. ఈ కథ తెలిసిన నేల మీద నిలబడి మేం ఒక మాట అడుగుతున్నాం. 2025లో ఆగస్టు 27న చవితి. అప్పటి నుంచి ఇరవై ఒక్క రోజుల ఉత్సవాలు. లక్షల మంది వస్తారు. ఉండ్రాళ్ళు, మోదకాలు, లడ్డూలు, అన్నదానం. ఆ బెల్లం ఐరాల, తవణంపల్లె గానుగల నుంచి, ఆ బియ్యం బాహుదా ఒడ్డు రైతుల నుంచి, ఆ టెంకాయలు మన తోటల నుంచి ఎందుకు కొనకూడదు? కొనే ధరను దేవస్థానం బోర్డు మీద అందరికీ కనపడేట్టు ఎందుకు రాయకూడదు? నల్లబెల్లం అని పేరు పెట్టి మన బెల్లం బండ్లను దొంగసారా బండ్లను పట్టుకున్నట్టు పట్టుకునే అధికారులు, మంచి బెల్లం వండేవాడికి ఒక్క పెద్ద కొనుగోలుదారుణ్ణి చూపించవచ్చు కదా. 2025లో సెప్టెంబరు 2 కొబ్బరి దినం కూడా ఆ ఉత్సవాల్లోనే పడింది. కావాలంటే ఆ రోజే మొదలుపెట్టమనండి.

ఇక 22వ తేదీ. ఆ రోజును బహిష్కరిద్దామని కొందరు యువకులు అంటున్నారు. బహిష్కరించాలంటే ముందు మనల్ని ఎవరైనా పిలిచి ఉండాలి. మా ఆలోచన వేరు. ఆ రోజును మనమే తీసుకుందాం. మామిడి దినోత్సవం నాడు మామిడి బకాయిల లెక్క చెప్పమందాం. ఏ ఫ్యాక్టరీ ఎన్ని టన్నులు కొన్నది, ఎంత ధర వేసింది, ఎంతమందికి డబ్బు కట్టింది, ఎంత బాకీ ఉంది, ఇదంతా ఆ రోజు కలెక్టరు కార్యాలయం గోడ మీద అంటించాలి. 8 రూపాయలకు తక్కువ వేసినవాళ్ళ పేర్లు ఎర్ర సిరాతో రాయాలి. ప్రభుత్వ వాటా 4 రూపాయలు ఎన్ని ఖాతాల్లో పడింది, కౌలు రైతు ఖాతాలో పడిందా, తోట యజమాని ఖాతాలో పడిందా, అది కూడా చెప్పాలి. కౌలుకు తోట తీసుకున్నవాడి పేరు ఏ జాబితాలోనూ లేకుండా పోతోంది, ఈసారి దీన్ని వదలొద్దు. వచ్చే ఏడు మార్చి లోపల ధర, టన్నులు రాతపూర్వకంగా ఖాయం కావాలి. తూకం చీటీలో రేటు గడి ఖాళీగా వదిలిన ఫ్యాక్టరీకి మరుసటి రోజు కాయ దించుకునే అనుమతి ఉండకూడదు.

ఐరాల, తవణంపల్లె, పూతలపట్టు, బంగారుపాళ్యం, గుడిపాల మండలాల సభ్యులు 22న పొద్దున పది గంటలకు చిత్తూరు కలెక్టరు కార్యాలయం దగ్గరికి రండి. మామిడికాయలు తేవద్దు, రోడ్డు మీద పోయవద్దు. మళ్ళీ అవి ఎవరి కాయలు అనే చర్చ మనకొద్దు. తూకం చీటీలు తెండి, అసలు ఇంట్లో పెట్టి నకళ్ళు రెండు. టోకెను, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ నకలు, కౌలు రైతులైతే కౌలు కార్డు, కార్డు లేకపోతే తోట యజమాని రాసిచ్చిన కాగితం. చీటీ పోగొట్టుకున్నవాళ్ళు ఏ తేదీన, ఏ ట్రాక్టర్లో, ఎన్ని టన్నులు దించారో ఒక కాగితం మీద రాసుకుని, డ్రైవరు సంతకం చేయించుకుని రండి. రేటు గడి ఖాళీగా ఉన్న చీటీలను విడిగా ఒక కట్ట కట్టండి, వాటిని మొదట చూపిస్తాం.